చేతబడి కొలబద్దతో కొత్త కథలా?

సంపాదక మహాశయా,

చిన్న ప్రచురణకర్తల హారర్ కథలన్నీ ‘తులసిదళం’ నాటి చేతబడేనని మీ సమీక్షకులు తేల్చేశారు. యండమూరి రాసిన ఆ నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పై వారం దాకా పాఠకుణ్ణి ఆపాలంటే భాగం చివర ఉలికిపాటు ఉండాల్సిందే. నేరుగా పుస్తకమయ్యే కథకు ఆ తొందర లేదు. భయం నెమ్మదిగా పాకొచ్చు.

పైగా సమీక్షలో కథల ముగింపులూ చెప్పేశారు. హారర్‌కు ఇంతకన్నా ద్రోహముందా! ఇక్కడ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మీరు సమీక్షించిన పుస్తకానిది అట్ట ఊడిన ఒక్క ప్రతే చేతులు మారుతోంది, మిగతావాళ్లింకా చదవాలి.

పుస్తకంలో అచ్చుతప్పులున్న మాట నిజమే. ఒక కథలో శవానికే రెండు పేర్లున్నాయి. ‘ప్రోత్సాహం’ పేరుతో మీవారు దాన్ని వదిలేశారు. ఈసారి కథ చెప్పకుండా, ఎక్కడ భయం వేసిందో, ఎక్కడ వేయలేదో రాయించండి.

– ఒక పరిశోధక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్