రేకుల షెడ్డులో మైక్రాన్ల లెక్క

సొంతంగా సీఎన్‌సీ మిషను కట్టుకోవాలనుకునే ఐటీఐ, పాలిటెక్నిక్ కుర్రాళ్లు, చిన్న వర్క్‌షాపుల వాళ్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది బాల్ స్క్రూ దగ్గరే. మోటారు తిరుగుడును బల్ల కదలికగా మార్చేది అదే కాబట్టి, ఎంత ఖరీదు పెడితే పని అంత కచ్చితంగా వస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకంతోనే ఉన్న డబ్బంతా గ్రైండింగ్ స్క్రూకు పోసి, బేరింగుల దగ్గర సర్దుకుంటున్నారు. ఇది తలకిందుల లెక్క. ఇంట్లో కట్టే మిషనుకు సీ7 తరగతి రోల్డ్ స్క్రూ, అంటే మరలను గ్రైండింగ్ చేయకుండా ఒత్తి తీసినది, చాలు. మిగిలిన డబ్బు నట్టుకూ, కొసల్లోని బేరింగులకూ, కింది చట్రానికీ వెళ్లాలి.

సీ7 అంటే 300 మిల్లీమీటర్ల ప్రయాణంలో సుమారు 50 మైక్రాన్ల తేడా ఉండవచ్చని ఒప్పుకున్న తరగతి. గ్రైండింగ్ చేసిన సీ3లో అది పది మైక్రాన్ల దరిదాపుల్లోనే. కాగితం మీద ఇది చాలా తేడా. కానీ ఉక్కు మీటరు పొడవుకు, డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. వేసవిలో రేకుల షెడ్డు పొద్దుటికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీలు వేడెక్కిందంటే, అదే 300 మిల్లీమీటర్లలో 50 మైక్రాన్లకు పైగా సాగినట్టే. డబ్బు పోసి తీయించిన తేడాను ఎండ మళ్లీ తెచ్చిపెడుతుంది. కోసే ముక్క కూడా సాగుతుంది కదా అంటారు. ఉక్కు ముక్కయితే ఆ మాట నిజమే. ఇలాంటి మిషన్ల మీద ఎక్కువగా కోసేది మాత్రం అల్యూమినియం, చెక్క. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది, చెక్క వేడికన్నా తేమకు ఎక్కువ ఉబ్బుతుంది. పైగా స్క్రూ పొడవునా ఒకే తీరున పెరిగే తేడాను కొలిచి, మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులన్న అంకెను మారిస్తే చాలావరకు పోతుంది. మిషనును నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్‌లో చోటుచోటుకీ వేర్వేరు దిద్దుబాటు ఇచ్చే వీలు కూడా ఉంది.

అలా దిద్దలేనిది ప్లే, అంటే నట్టులోనో బేరింగులోనో ఉండే ఖాళీ. దానికీ సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాటు ఉందని వాదించేవాళ్లున్నారు. ఉంది, కానీ అది దిశ మారినప్పుడు మోటారును కాస్త అదనంగా తిప్పుతుందంతే. కట్టర్ పళ్లు బల్లను తమవైపు లాగినప్పుడు ఆ ఖాళీలో బల్ల జారకుండా ఆపలేదు. ఒక గుండ్రటి రంధ్రం మిల్లింగ్ చేసి చూడండి: అక్షాలు దిశ మార్చుకునే నాలుగు చోట్లా గోటికి తగిలే చిన్న మెట్టు కనిపిస్తే, తప్పు సాధారణంగా నట్టులోనో కొస బేరింగులోనో ఉంటుంది. అందుకే కాస్త పెద్ద బంతులతో బిగువుగా చేసిన నట్టు అడగాలి. మోటారు వైపు కొసలో అక్షం దిశలో ఒత్తిడి మోసే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జత ఉండాలి. రెండో కొస వేడికి సాగేలా వదులుగా ఉండాలి. చవక బేరింగు బ్లాకుల్లో కొన్నిటిలో మామూలు బేరింగులే పెడతారు, విప్పి చూస్తేగానీ తెలియదు. స్క్రూ పైపొర గట్టిపరిచి ఉంటుంది గనక కొసలను మామూలు లేత్ పనిముట్లతో తీయడం కష్టం. కొనేటప్పుడే కొసలు చేయించి తెచ్చుకోవడం మేలు.

పొడవు సంగతి మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. సన్నటి పొడుగాటి స్క్రూ వేగంగా తిరిగితే కొరడాలా ఊగుతుంది. పొడవు రెట్టింపైతే ఆ ఊపు మొదలయ్యే వేగపు హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది. అందరూ కొనే 1605, అంటే 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 5 మిల్లీమీటర్ల కదలిక ఉన్న స్క్రూ, మీటరున్నర పొడవులో నిమిషానికి 870 చుట్ల దగ్గరే ఆ హద్దుకు చేరుతుంది. అంటే బల్ల వేగం నిమిషానికి నాలుగు మీటర్ల పైచిలుకే. సీ3 కొన్నా ఈ హద్దు మారదు. చుట్టుకు 10 మిల్లీమీటర్లు కదిలే 1610 వేస్తే వేగం రెట్టింపవుతుంది, కాకపోతే మోటారు తోపు సగమవుతుంది. చెక్క చెక్కే పెద్ద రౌటర్‌కు అది నప్పుతుంది, అల్యూమినియం కోసే చిన్న మిల్లింగ్ మిషనుకు 1605 మేలు.

ఇన్ని తంటాలెందుకు, ట్రెపిజాయిడల్ స్క్రూ వేస్తే పోదా అంటే, అందులో మోటారు శక్తి సగానికి పైగా రాపిడికే పోతుంది. బాల్ స్క్రూలో 90 శాతం దాకా పనికొస్తుంది. ఒక్క నిలువు అక్షం దగ్గర మాత్రం ఆ నునుపే చిక్కు తెస్తుంది. కరెంటు పోగానే బరువైన స్పిండిల్ తనంతట తానే కిందికి దిగి కట్టర్‌ను పనిముక్కలో దించుతుంది. కరెంటు కోతలుండే ఊళ్లలో అక్కడ బ్రేకు ఉన్న మోటారు తప్పనిసరి.