లెక్క చెప్పని దయ్యాలు

రయోలైట్‌లో దయ్యాలున్న మాట నిజమే. 1984 నుంచి ఉన్నాయి. ఆ ఏడాది ఆల్బర్ట్ షుకాల్‌స్కీ అనే బెల్జియం శిల్పి అక్కడ మనుషుల్ని నిలబెట్టి, ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డలు వాళ్ల మీద కప్పాడు. గుడ్డ బిగిశాక మనుషులు మెల్లగా బయటికొచ్చేశారు. తెల్లటి ముసుగులు మాత్రం లోపల ఎవరూ లేకుండా ఎడారిలో నిలబడిపోయాయి. యేసు చివరి విందు దృశ్యం అది. పాడుబడ్డ ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ముందు వాటి పక్కన ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత ఊళ్లోకి నడిచి, రాత్రిళ్లు ఇక్కడేవో తిరుగుతాయట అని చెప్పుకుంటారు. దయ్యాన్ని తయారుచేసే పద్ధతి కళ్లెదుట పెట్టినా నమ్మకానికి వచ్చే ఇబ్బందేమీ లేదు!

ఈ ఊరు అమెరికాలో, కాలిఫోర్నియా-నెవాడా సరిహద్దున, డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ అంచున ఉంది. లోయలో అట్టడుగు చోటు సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంటుంది. 1913 జూలై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీల వేడిదే రికార్డు పుస్తకాల్లో ఇప్పటికీ మొదటి స్థానం. లోయలోనూ చుట్టూ కొండల్లోనూ స్కిడూ, లెడ్‌ఫీల్డ్, గ్రీన్‌వాటర్, పానమింట్ సిటీ అంటూ ఎన్నో పాడుబడ్డ ఊళ్లు. లాస్ వేగాస్ చూడబోయిన మన తెలుగువాళ్లు కూడా ఒకరోజు కారు ఇటు తిప్పుతారు. ఆ తర్వాత ‘దయ్యాల ఊరు’ అని వీడియో, వెనకాల గజ్జెల చప్పుడు. నెవాడా దయ్యానికి గజ్జెలు ఎవరు కట్టారో మరి.

ఊరికి ఊరు ఖాళీ అయిందంటే ఏదో జరిగే ఉంటుందని మనసు పీకుతుంది. నిజంగానే జరిగింది. దానికి కాగితాలు కూడా ఉన్నాయి. 1904 ఆగస్టులో షార్టీ హారిస్, ఎడ్ క్రాస్ అనే ఇద్దరికి ఆ కొండల్లో బంగారం ఉన్న రాయి దొరికింది. మరుసటి ఏటికల్లా గుడారాల ఊరు లేచింది. 1906లో ఉక్కు కుబేరుడు చార్లెస్ ష్వాబ్ అక్కడి మాంట్‌గోమరీ షోషోన్ గనిని కొన్నాడు. అంతటివాడు కొన్నాడంటే లోపల బంగారం ఉండకపోతుందా అనుకున్నారు జనం. కరెంటు వచ్చింది, మూడు రైలు కంపెనీలు వచ్చాయి, ఆస్పత్రి వచ్చింది. 1907 మార్చి 25న ఊళ్లోనే స్టాక్ ఎక్స్‌ఛేంజి తెరిస్తే మొదటి రోజే 60,000 షేర్లు చేతులు మారాయి. 90,000 డాలర్లు పోసి మూడంతస్తుల బ్యాంకు కట్టారు. ఆ ఏడాది చివర్లో అమెరికా బ్యాంకులు కుదేలై ఎక్కడా అప్పు పుట్టకుండా పోయింది. 1908లో వాటాదారులకు అనుమానం వచ్చి బయటి నిపుణుడి చేత గనిని పరీక్ష చేయించారు. చెప్పినంత సరుకు లేదని తేలింది. ఒకప్పుడు 23 డాలర్లు పలికిన షేరు చివరికి 4 సెంట్లకు దిగింది. 1911 మార్చిలో గని మూతపడింది. 1910 జనాభా లెక్కల్లో 675 మంది ఉన్న ఊళ్లో 1920కల్లా మిగిలింది 14 మంది. కరెంటు 1916లోనే పోయింది.

మరి ఇళ్లకు పైకప్పులు ఏమయ్యాయి? అవి లేని గోడలు చూసే చాలామంది గుండె జారిపోతుంది. చెట్టు మొలవని చోట దూలం దొరకడమే కష్టం. వెళ్లేవాళ్లు తలుపులూ దూలాలూ విప్పుకొని బండికెత్తారు. కొన్ని ఇళ్లనైతే ఉన్నపళంగా పక్కనున్న బీటీ అనే ఊరికి తరలించారు. గని కార్మికుల యూనియన్ హాలు కూడా అలాగే బీటీ చేరింది. దయ్యం మింగిందనుకున్న కప్పు బీటీలో ఎవరి నెత్తి మీదో నీడ పట్టింది.

ఇందులో మూఢనమ్మకం లేదని అనను. ఉంది, కానీ దాని చోటు శ్మశానంలో కాదు, షేరు పత్రంలో. 1926లో సి.సి. జూలియన్ అనే పెద్దమనిషి టైటస్ కాన్యన్ అనే ఇరుకు లోయలో సీసం పుట్టలు పుట్టలుగా ఉందని చెప్పి లెడ్‌ఫీల్డ్ ఊరిని నిలబెట్టాడు. ప్రత్యేక రైల్లో జనాన్ని రప్పించి విందు పెట్టాడు. షేర్లు అమ్ముడయ్యాయి. ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు, ఆరు నెలలు తిరక్కుండా మూసేశారు. గ్రీన్‌వాటర్‌ది కూడా ఇదే వరస, అక్కడ రాగి పేరు చెప్పారు. బ్రేఫోగల్ అనే అతను 1860ల్లో చూసి దారి మరిచిపోయాడన్న బంగారు గని కోసమైతే దశాబ్దాల పాటు మనుషులు ఈ కొండలెక్కి దిగారు. మన దగ్గర పాటిదిబ్బల మీద, పాత కోటల్లో గుప్తనిధి ఉందని, దానికి భూతం కాపలా ఉందని కోడినో మేకనో బలిచ్చి అర్ధరాత్రి పలుగు దింపేవాళ్లు వాళ్లకు చుట్టాలే. ఇక్కడ పగిలేది పాత గుడి ముందున్న నంది, అక్కడ పగిలింది చిన్న మదుపరుల సంసారం. అయితే ఒక తేడా ఉంది. తాయెత్తు కట్టుకున్నవాణ్ణి మనం నిలదీస్తాం. ప్రాస్పెక్టస్ చేతబట్టుకున్నవాణ్ణి చదువుకున్నవాడంటాం. హేతువాదులం కూడా ఈ పక్షపాతానికి అతీతులం కాము.

దయ్యం కథతో నాకున్న పేచీ భయపెడుతుందని కాదు. అది లెక్క అడగనివ్వదు. స్కిడూ సంగతి చూడండి. 1908 ఏప్రిల్‌లో అక్కడ జో సింప్సన్ అనే తాగుబోతు జిమ్ ఆర్నాల్డ్ అనే వ్యాపారిని కాల్చి చంపాడు. కొద్ది రోజులకే రాత్రివేళ గుంపొకటి సింప్సన్‌ని కాపలాలోంచి లాక్కెళ్లి టెలిఫోన్ స్తంభానికి ఉరి తీసింది. కోర్టు లేదు, విచారణ లేదు. ఉరి తీసినవాళ్లెవరికీ శిక్ష పడలేదు. ఫొటో కోసం శవాన్ని మళ్లీ వేలాడదీశారని కూడా చెబుతారు. ఇప్పుడు స్కిడూ పేరెత్తితే వినిపించేది తల లేని సింప్సన్ దయ్యం కథ. ఊరంతా కలిసి చేసిన హత్య సాయంకాలపు కాలక్షేపం అయిపోయింది. చంపినవాళ్లు కథలోంచి తప్పుకున్నారు, చచ్చినవాడు మాత్రం ఇప్పటికీ తిరగాల్సి వస్తోంది.

ఇంతకన్నా పెద్ద మరుపు ఆ లోయ పేరులోనే ఉంది. 1849 చలికాలంలో బంగారం కోసం కాలిఫోర్నియా పోతూ దారితప్పిన బృందం ఒకటి ఇక్కడ చిక్కుకొని అవస్థలు పడి బయటపడింది. మృత్యులోయ అన్న పేరు అప్పటిది. ఆ సమయానికి టింబిషా షోషోనీ ప్రజలు అక్కడ తరతరాలుగా కాపురముంటున్నారు. చలికాలం లోయలో, ఎండలు ముదిరితే చల్లటి కొండల మీద. మెస్కీట్ కాయలు దంచుకొని, పైన్ గింజలు ఏరుకొని బతికిన జనం. ఆ పేరంటే వాళ్లకు నేటికీ గిట్టదు. 1933లో లోయను జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించాక వాళ్లు తమ నేల మీదే పరాయివాళ్లయ్యారు. పచ్చి ఇటుకలతో కట్టిన ఇళ్లలో వాళ్లను ఒక మూలకు సర్దారు. తర్వాతి దశాబ్దాల్లో వేసవికి ఇల్లు వదిలి వెళ్లిన కుటుంబాల ఖాళీ ఇళ్లను పార్కు యంత్రాంగం నీటి గొట్టాలతో కొట్టి కరిగించేసింది. ఏళ్ల తరబడి పోరాడితే 1983లో తెగగా గుర్తింపు దొరికింది. 2000లో ప్రత్యేక చట్టం వచ్చి లోయలోని ఫర్నెస్ క్రీక్ దగ్గర 300 ఎకరాల పైచిలుకు భూమి తిరిగొచ్చింది.

గట్టిగా పదేళ్లు కూడా నడవని బ్యాంకు గోడ చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు. వందల ఏళ్ల కాపురానికి నీటి గొట్టం దక్కింది. పాడుబడ్డ చోట్లు వాటంతట అవే పాడుబడవు, కొన్నింటిని పాడుపెడతారు. దయ్యాల కోసం టార్చిలైట్లు పట్టుకు తిరిగేవాళ్లకు పక్కనే బతికున్న టింబిషా వాళ్ల ఊరు కనపడదు.

దయ్యం భయం వల్ల శిథిలాలైనా మిగులుతాయి కదా అనేవాళ్లున్నారు. మన దేశంలో దేవతా వనాల గురించి కూడా ఈ వాదన వింటుంటాం, కొట్టిపారేయదగింది కాదు. డెత్ వ్యాలీకి ఉత్తరాన ఉన్న బోడీ అనే పాడుబడ్డ ఊళ్లో ఏ వస్తువు తీసుకెళ్లినా శాపం తగులుతుందని ప్రచారం. అది పుట్టడంలో పార్కు సిబ్బంది చెయ్యి ఉందని అంటారు. ఫలితం ఏమిటి? మేకులు, సీసాలు, గాజు పెంకులు పోస్టులో తిరిగొస్తుంటాయి. ఉద్యోగం పోయింది, కాలు విరిగింది, క్షమించండి అంటూ ఉత్తరాలు. కానీ ఏ ఇంటి ఏ గదిలోది ఆ సీసా? అది తెలియనప్పుడు చరిత్రకారుడికి అది ఉత్త గాజు. శాపం దొంగను పశ్చాత్తాపపడేలా చేసింది, దొంగతనం వల్ల పోయినదేమిటో మాత్రం చెప్పలేదు. పైగా శాపాన్ని నమ్మనివాణ్ణి ఆపే ఉపాయం దాని దగ్గర లేదు.

డెత్ వ్యాలీ జాతీయ పార్కులోనే రేస్‌ట్రాక్ అనే ఎండిన చెరువు ఉంది. బురద మీద పెద్ద పెద్ద రాళ్లు వాటంతటవే జరిగినట్టు జాడలు కనిపిస్తాయి. గ్రహాంతరవాసులన్నారు, అయస్కాంత శక్తి అన్నారు. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్, రాల్ఫ్ లోరెంజ్ తదితరులు జీపీఎస్ అమర్చిన రాళ్లను అక్కడ పెట్టి ఓపిగ్గా కాచుకున్నారు. 2013 డిసెంబరులో రాళ్లు వాళ్ల కళ్లముందే కదిలాయి. రాత్రి గడ్డకట్టిన పలుచని మంచు పలక పగటి ఎండకు విరిగి, చిన్నపాటి గాలికి తేలుతూ రాళ్లను నెట్టింది. 2014లో ఆ పరిశోధన అచ్చయింది. రాళ్లను చూడటానికి వచ్చే జనం ఏమీ తగ్గలేదు.

ఆ చోట్లకు వెళ్లేవాళ్లు భయపడవలసినవి లేకపోలేదు. పాత గని సొరంగంలో ఆక్సిజన్ లేని గాలి పేరుకొని ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. నూరేళ్లనాటి చెక్క నిచ్చెన కాలు పెట్టగానే పొడి అవుతుంది. పాడుబడ్డ గుడిసెల్లో ఎలుకల పెంట దుమ్ముగా లేచి ముక్కులోకి పోతే హాంటా వైరస్ సోకవచ్చు. వేసవిలో జీపీఎస్ చూపిందని మట్టిదారి పట్టి, కారు ఇసుకలో దిగబడి ప్రాణాలు పోయిన ఉదంతాలూ ఉన్నాయి. రాత్రి రేకులు టపటపలాడేది మాత్రం పగటి వేడికి సాగిన ఇనుము చల్లబడి ముడుచుకోవడం వల్ల.

రయోలైట్ చుట్టుపక్కలకు బంగారం వేట మళ్లీ వచ్చింది. బీటీ దగ్గర గనుల హక్కులున్న కోర్వస్ గోల్డ్ అనే సంస్థను 2022లో ఆంగ్లోగోల్డ్ అశాంటి కంపెనీ కొనేసింది. అక్కడి అమర్గోసా నది చాలామేరకు నేల కింద పారే నది. ఈసారి తవ్వకానికి ఎంత నీరు తోడతారు, గని మూసిన రోజున గుంతలు పూడ్చే డబ్బు ముందుగా ఎవరి దగ్గర జమ చేయిస్తారు, టింబిషా వాళ్ల ఊటలకు ఏమవుతుంది?