అమ్మ మనసుంటే చాలదు

మత్తు మాన్పించే పనిలో జీవితం గడిపిన ఆడమనిషి కన్నుమూస్తే మన ఊళ్లలో సంతాపసభ ఎలా నడుస్తుందో తెలిసిందే. ఫొటోకి దండ, రెండు నిమిషాల మౌనం, ఆపైన మైకు. "ఆమె కౌన్సెలరేంటండీ, అందరికీ అమ్మ" అని మొదటి వక్త అంటాడు. చప్పట్లు. తర్వాతి వాళ్లూ అదే ఎత్తుకుంటారు: త్యాగమయి, ఓర్పుకు మారుపేరు, కన్నబిడ్డల్లాగే తాగుబోతుల్నీ చూసుకుంది. చోడవరమైనా చెన్నై అయినా ఇదే వరస. ఈ పొగడ్త తప్పనీ, దీనివల్ల నష్టపోయేది రోగులేననీ నా వాదన.

తాగుడు దగ్గర అమ్మ ప్రేమ ఏం చేస్తుందో చూడండి. బెల్టు షాపులో కొడుకు పెట్టిన అప్పు తీర్చేది అమ్మే. డ్యూటీకి వెళ్లని రోజున "మా వాడికి జ్వరమండీ" అని మేస్త్రీకి ఫోను చేసేదీ అమ్మే. తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంటుంది, సాయంత్రానికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినా కంచంలో అన్నం పెడుతుంది. ఇంకాస్త తెగిస్తే, ఎవరో ఇచ్చిన మందు మాన్పించే పొడి పప్పులో కలిపేస్తుంది. అందులో డైసల్ఫిరామ్ ఉండి, సంగతి తెలియని కొడుకు వెళ్లి క్వార్టర్ పోసుకున్నాడంటే ముఖం ఎర్రబారుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. ఆ మాత్ర డాక్టరు ఇవ్వాలి, అదీ తాగేవాడికి చెప్పి, ఒప్పించి.

తాగుడు మాన్పించాలని అయ్యప్ప మాల వేయించడమూ అంతే. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే రెండో మూడో రోజుకు చేతులు వణకొచ్చు, ఫిట్స్ రావొచ్చు, లేనివి కనబడొచ్చు. ఇంట్లోవాళ్లు స్వామి పూనాడనుకునేలోగా ఆసుపత్రికి చేరాలి. దీక్షతో నిజంగానే బాగుపడినవాళ్లున్నారు, కాదనను. ఇరుముడి దించిన రాత్రే సీసా ఎత్తినవాళ్లూ ఉన్నారు.

కౌన్సెలర్ పని ఈ అమ్మ ప్రేమకు పూర్తిగా ఎదురు. "పొద్దున్న లేవగానే చెయ్యి వణుకుతోందా? వణుకు ఆగడానికి ఓ గుక్క వేస్తున్నారా?" అని ఆమె అడుగుతుంది. పక్కనున్న తల్లి "లేదమ్మా, మా వాడు అంత కాదు" అని అడ్డొస్తుంది. ఆ తల్లిని నొప్పించకుండా కాసేపు బయట కూర్చోబెట్టడంతోనే చికిత్స మొదలవుతుంది. మానేసినవాడు మళ్లీ తాగొస్తే కౌన్సెలర్ తిట్టదు, కళ్లనీళ్లు పెట్టుకోదు. ఏ రోజున, ఎవరితో, కూలి డబ్బు చేతికొచ్చాకా, ఇంట్లో గొడవయ్యాకా అని అడిగి రాసుకుంటుంది. అప్పు వాడినే తీర్చుకోనివ్వండని ఇంట్లోవాళ్లకు చెబుతుంది. ఇదంతా నేర్చుకుంటే వచ్చే విద్య. ఇంట్లో తల్లిగా, బయట కౌన్సెలర్‌గా బతికిన మనిషి ఈ రెండు స్వభావాల్నీ ఒకదాన్నొకటి తాకకుండా నిలుపుకోవాలి. ఆ రెండూ ఒకటేనని మైకులో చెప్పడం ఆమె కష్టాన్ని తుడిచేయడమే.

చెన్నైలో తాగుడు మాన్పించే ఆసుపత్రి పెట్టిన శాంతి రంగనాథన్ కథ మనవాళ్లు ఎలా చెబుతారో గమనించండి. 1979లో భర్త తాగుడుకు బలైపోయాడు, ఆ దుఃఖంలోంచి ఆసుపత్రి పుట్టింది, అంతే. దుఃఖం ఎంతమందికి లేదు? ఆవిడ సోషల్ వర్క్ చదివారు, అమెరికా వెళ్లి చికిత్సా పద్ధతుల్లో శిక్షణ పొందారు, 1980లో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు, ఇతరులకు ఆ పని నేర్పారు. 1992లో వచ్చిన పద్మశ్రీ ఆ పనికి వచ్చింది.

సరిగ్గా అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్లూ సారా మీద తిరగబడ్డారు. దాన్నీ తల్లుల ఆగ్రహంగానే రాసుకున్నాం. రాత్రిబడిలో చదివిన పాఠం, సారా వేలంపాటల దగ్గర గుంపుగా నిలబడిన పట్టు వెనక్కి పోయాయి. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆగ్రహం దుకాణాన్ని మూయించగలిగింది. వ్యసనంలో పడిపోయిన మనిషికి చికిత్స ఎవరు చేస్తారన్న ప్రశ్న మాత్రం ఆ హోరులో పెద్దగా వినబడలేదు. దుకాణం మూసినా, బెల్లం వండే మన చోడవరం, అనకాపల్లి వైపు నాటుసారా ఊట పెట్టడానికి సరుకు వెతుక్కోనక్కర్లేదని వేరే చెప్పాలా?

"ప్రేమ లేకుండా ఈ పని ఎవరు చేస్తారండీ?" అని అడిగేవాళ్లుంటారు. నిజమే, దయ కావాలి. సర్జన్‌కీ కావాలి. కానీ పేరున్న సర్జన్ పోతే ఆయన చేతి నేర్పు గురించి మాట్లాడతాం, ఎంతమంది శిష్యుల్ని తయారుచేశాడో లెక్కేస్తాం. కౌన్సెలర్ దగ్గరికొచ్చేసరికే ఈ అమ్మ గోల. ఎందుకంటే అమ్మ జీతం అడగదు, సెలవు అడగదు, పోస్టు పర్మనెంట్ చేయమనీ అడగదు. పొగడ్త చౌకగా తేలిపోతుంది.

ఆ చౌకబారుతనం లెక్కల్లో కనబడుతోంది. ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని అది తేల్చింది. మద్యంతో ఇబ్బంది పడేవాళ్లు జనాభాలో పదిశాతం దాటిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉందనీ అదే సర్వే చెప్పింది. మిగతా 37 మంది ఇళ్లలోనూ అమ్మలున్నారు, ప్రేమకేం కరువు లేదు.

చోడవరం 2022లో విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాకు మారింది. మానసిక వైద్యం కోసం పెద్దాసుపత్రి అంటే మాత్రం ఇప్పటికీ విశాఖలోని చినవాల్తేరు పేరే చెబుతాం. తాగిన మనిషిని బస్సెక్కించి, అనకాపల్లి దాటించి, అక్కడిదాకా తీసుకెళ్లడం ఏ తల్లికైనా ఒక్కరోజు పనే అనుకుందాం. కౌన్సెలింగ్ ఒక్కరోజుతో అయ్యేది కాదు. వారం వారం వెళ్లాలి, నెలల తరబడి వెళ్లాలి. కూలికి పోయే ఇంట్లో అది జరిగే పనేనా?

2024 అక్టోబరులో రాష్ట్రం 3,396 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచింది, 99 రూపాయలకు క్వార్టర్ తెచ్చింది. ఏ ఊళ్లో ఎన్ని దుకాణాలో, ఎంత ఫీజో గెజిట్‌లో అచ్చయింది. చోడవరం ప్రభుత్వాసుపత్రి మొదలుకొని మాడుగుల, పాడేరు దాకా శిక్షణ పొందిన కౌన్సెలర్ పోస్టులు ఎన్ని, జీతమెంత, ఖాళీలెన్ని అన్న జాబితా కూడా అంతే వివరంగా అచ్చు వేయమని అడగాలి, దుకాణాల లైసెన్సు ఫీజులోంచే ఆ జీతాలు ఇమ్మని అడగాలి.