విజిల్స్ ఆగాక

పోయిన జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, మన సెమినార్ హాల్లో 'ఉరి' సినిమా వేశారు, గుర్తుందా? ప్రొజెక్టర్ రెండుసార్లు ఆగిపోయినా ఒక్కరు కూడా లేవలేదు. 'జోష్' డైలాగ్ వచ్చినప్పుడు హాలంతా ఒకటే అరుపు. వెనక వరసలో విజిల్స్ వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి నీతులు చెప్పే అర్హత నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

సినిమా అయ్యాక స్టేజి మీద కూర్చున్నాయన మా పెదనాన్న. ఆయన్ని పిలిచింది నేనే. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరని. ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళకి పదో తరగతి కాగానే రన్నింగ్ ప్రాక్టీసు మొదలవుతుంది. పెదనాన్న కూడా అలాగే వెళ్ళి, హవల్దార్‌గా రిటైరయ్యారు.

ప్రశ్నలు అడగమంటే ఒక ఫస్టియర్ కుర్రాడు మైక్ తీసుకుని, "సార్, మీరు ఎంతమందిని లేపేశారు?" అన్నాడు. నవ్వులు, చప్పట్లు. పెదనాన్న కూడా నవ్వారు. వాటర్ బాటిల్ మూత తీశారు, తాగలేదు, మళ్ళీ పెట్టేశారు. "అవన్నీ పాత సంగతులు బాబూ, మీరు బాగా చదువుకోండి" అన్నారు. శాలువా కప్పాం, మొమెంటో ఇచ్చాం, ఫొటోలు దిగాం. ఆ కుర్రాడిని తప్పుపట్టను. అంతసేపూ తెర మీద చూసిన లెక్కే వాడు అడిగాడు.

ఊరెళ్ళే బస్సు కోసం బస్టాండ్‌లో కూర్చున్నప్పుడు ఆయనే మొదలుపెట్టారు. 1988లో శ్రీలంకలో, జాఫ్నా వైపు ఒక చెక్‌పోస్ట్. రాత్రి డ్యూటీ. చీకట్లోంచి ఒక సైకిల్ వచ్చింది. ఆగమని అరిచారు. ఆగలేదు. కాల్చారు. దగ్గరికెళ్ళి చూస్తే కేరియర్ మీద కొబ్బరికాయల బస్తా.

"రూల్ ప్రకారం కరెక్టే అన్నార్రా. నా మీద ఏ కేసూ లేదు. కానీ ఆగు అని నేను ఏ భాషలో అరిచానో నాకు గుర్తు రాదు. హిందీలో అరిచానా, తెలుగులో అరిచానా? తమిళంలో ఆ ఒక్క ముక్క మాకు నేర్పించారు. అది అన్నానో లేదో."

అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు, ఇప్పుడు మన ఫైనలియర్ వాళ్ళకంటే ఒకటి రెండేళ్ళు పెద్ద. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నే. ఇది రాస్తానంటే, "పేరు రాయకు, మిగతాది నీ ఇష్టం" అన్నారు.

ఆ యుద్ధం గురించి మనలో చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు. 1987 జూలైలో ఇండియా, శ్రీలంక ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ శాంతిని కాపాడటానికని మన సైన్యం వెళ్ళింది. దాని పేరే శాంతి పరిరక్షక దళం, ఐపీకేఎఫ్. తమిళుల్ని కాపాడటానికి వెళ్తున్నామని చెప్పి పంపారు. అక్టోబర్ కల్లా ఎల్‌టీటీఈతోనే యుద్ధం మొదలైంది. ఎవరు పులో ఎవరు మామూలు మనిషో తెలియని ఊళ్ళలో రెండున్నరేళ్ళు. మనవాళ్ళు దాదాపు 1,200 మంది చనిపోయారు. 1990 మార్చిలో మిగిలినవాళ్ళు మద్రాసులో ఓడ దిగితే, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్ళలేదు. ఇలాంటి యుద్ధానికి క్లైమాక్స్ ఎక్కడ పెడతారు? జెండా ఏ కొండ మీద పాతుతారు? హిందీలో 'మద్రాస్ కేఫ్' (2013) వచ్చింది గానీ, అది ప్రధానంగా గూఢచారి కథ. చెక్‌పోస్ట్ దగ్గర నిలబడినవాడి కథ కాదు.

పెదనాన్నకి ఉన్నది భయం కాదు. దీపావళి బాంబులకి ఉలిక్కిపడరు. పీడకలలూ లేవట. పీటీఎస్‌డీ అనే మాట మనకి సినిమాల వల్ల తెలుసు: చెమటలు, ఫ్లాష్‌బ్యాకులు, అర్ధరాత్రి కేక. అది ప్రాణభయం మిగిల్చిన గాయం. ఇది వేరు. బోస్టన్‌లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి వైద్యం చేసిన సైకియాట్రిస్ట్ జొనాథన్ షే, వాళ్ళ మాటల్ని హోమర్ 'ఇలియడ్' పక్కన పెట్టి 1994లో 'అకిలీస్ ఇన్ వియత్నాం' రాశాడు. పైవాళ్ళు ధర్మం తప్పినప్పుడు కింద సైనికుడి లోపల ఏం విరిగిపోతుందో అందులో చెప్పాడు. దానికి 'మోరల్ ఇంజురీ' అనే పేరు స్థిరపడింది. 2009లో బ్రెట్ లిట్జ్, తోటి పరిశోధకులు దాన్ని ఇంకొంచెం విప్పారు: తన చేత్తో చేసినది, ఆపలేకపోయినది, కళ్ళారా చూసినది కూడా అలాంటి గాయమే చేయొచ్చని. 'నైతిక గాయం' అంటే పాఠ్యపుస్తకం వాసన వేస్తుంది. మా ఊళ్ళో అయితే 'మనసు ఒప్పుకోవట్లేదు' అంటారు. నాకు అదే సరిగ్గా ఉందనిపిస్తుంది.

మన యుద్ధం సినిమాలు సైనికుడి బాధని చూపించవని కాదు. బోలెడు చూపిస్తాయి. అమ్మ ఉత్తరం, పెళ్ళాం కడుపుతో ఉండటం, పక్కనే ఫ్రెండ్ ఒరిగిపోవడం. కానీ అదంతా ఎదుటివాడు మనకి చేసిన బాధ. హీరో చేసిన పని వల్ల హీరోకే నిద్ర పట్టకపోవడం ఎప్పుడో గానీ కనిపించదు. అందుకని ముందే జాగ్రత్తపడతారు: విలన్ పసిపిల్లల్ని కూడా వదలడు, హీరో తుపాకీకి ఎప్పుడూ తప్పు మనిషి ఎదురుపడడు. 'కంచె' (2015) నాకు చాలా ఇష్టం. ఊళ్ళోని కులం కంచెనీ దేశాల మధ్య కంచెనీ ఒకచోట నిలబెట్టి చూపించాడు క్రిష్. అక్కడ కూడా ఎదురుగా ఉన్నది నాజీ సైన్యం. కాల్చాక చెయ్యి వణకాల్సిన అవసరం ప్రేక్షకుడికి కనపడదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. 'ఫస్ట్ బ్లడ్' (1982) చివర్లో రాంబో తన పాత కమాండర్ ముందు కూలబడి ఏడుస్తాడు. డేవిడ్ మొరెల్ రాసిన మూల నవలలో అతను చనిపోతాడు. సినిమాలో బతికించారు. బతికాడు కాబట్టి 1985లో రెండో భాగం తీసి, అదే మనిషికి భుజాన మెషిన్‌గన్ ఇచ్చి మళ్ళీ వియత్నాం పంపారు. మనకి గుర్తున్న రాంబో ఎవరు? నన్నడిగితే పోస్టర్ మీది ఆ రెండోవాడే.

దీనికి పూర్తిగా ఎదురెళ్ళిన సినిమా నేను చూసినవాటిలో ఒకటుంది, ఆరి ఫోల్మన్ తీసిన 'వాల్ట్జ్ విత్ బషీర్' (2008). యానిమేషన్‌లో డాక్యుమెంటరీ. 1982లో లెబనాన్ వెళ్ళినప్పుడు ఫోల్మన్ పంతొమ్మిదేళ్ళ ఇజ్రాయెల్ సైనికుడు. సబ్రా, షతీలా శిబిరాల్లో లెబనాన్ మిలీషియా పాలస్తీనీయుల్ని ఊచకోత కోస్తుంటే, ఆ రాత్రి ఇజ్రాయెల్ సైన్యం ఆకాశంలోకి ఫ్లేర్లు వదిలి వెలుగిచ్చింది. తను అప్పుడు ఎక్కడున్నాడో అతనికి గుర్తు లేదు. పాత స్నేహితుల్ని ఒక్కొక్కరినే అడుగుతూ పోతాడు. చంపింది అతను కాదు, కానీ వెలుగు? పెదనాన్న మాట విన్నాక ఆ సినిమా మళ్ళీ చూశాను. ఏం చేశామో గుర్తు రాకపోవడం కూడా ఒక గాయమేనని అప్పుడు అర్థమైంది.

దాని మీద ఒక విమర్శ ఉంది: అందులో సైనికుడి బాధే ఉంది, చనిపోయినవాళ్ళకి మాట లేదు అని. నిజమే. నేను రాసిన దాంట్లో కూడా సైకిల్ మీద వచ్చినాయనకి పేరు లేదు. పెదనాన్నకీ తెలియదు.

విచిత్రం ఏంటంటే, ఈ విషయంలో మనకి హాలీవుడ్ దాకా వెళ్ళే పనే లేదు. ద్రోణుడి చేత అస్త్రాలు వదిలించడానికి ధర్మరాజు ఒక పేరు గట్టిగా, ఏనుగనే మాట మెల్లగా అన్నాడు. అంతవరకూ నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం అప్పుడు నేలని తాకింది. గెలిచాక కర్ణుడు అన్న అని తెలిసింది. రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్ళు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అందరూ కూర్చుని నచ్చజెప్పాల్సొచ్చింది. వాళ్ళెవరూ ఆయన్ని పిరికివాడని వదిలేయలేదు, చప్పట్లు కొట్టీ వెళ్ళిపోలేదు. తిక్కన గారు స్త్రీపర్వం, శాంతిపర్వం కూడా తెలుగు చేశారు. మన పౌరాణిక సినిమాలు మాత్రం చాలావరకు దుర్యోధనుడి తొడ విరిగేసరికి శుభం కార్డు వేసేస్తాయి.

"అయితే సైనికుల్ని అవమానించే సినిమాలు తీయమంటావా?" అని నా రూమ్మేట్ అడిగాడు. వాడి అన్నయ్య ఇప్పుడు లేహ్‌లో ఉన్నాడు. వాడి కోపం నాకు అర్థమవుతుంది, తేలిగ్గా తీసుకోను కూడా. కానీ ఆ రోజు హాల్లో మనం గౌరవమే ఇచ్చాం కదా, శాలువాతో సహా. ఆ గౌరవంలో పెదనాన్న నోరు విప్పే సందు ఎక్కడుంది? అంతమంది హీరో అంటుంటే, కొబ్బరికాయల బస్తా సంగతి ఎవరైనా ఎలా చెప్తారు? చెప్తే హీరో కాకుండా పోతారు. చెప్పకపోతే ఆ చప్పట్లు అబద్ధం అనిపిస్తాయి. వాడి అన్నయ్యకి రేపు అలాంటిదేమైనా జరిగితే, ఇంటికొచ్చి వాడితో చెప్పుకోగలడా? ఇది అడిగితే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెస్‌కి వెళ్ళిపోయాం.

ఈ జూలైలో మళ్ళీ స్క్రీనింగ్ పెడుతున్నారు. "మీ పెదనాన్నగారిని మళ్ళీ తీసుకురా, బాగా మాట్లాడారు" అంటున్నారు క్లబ్ వాళ్ళు. మొన్న ఫోన్ చేసి అడిగాను. వస్తాననలేదు, రాననలేదు.

"ఏం సినిమా వేస్తున్నార్రా?" అన్నారు.

ఇంకా అనుకోలేదు పెదనాన్నా, అన్నాను.