డోలక్ వాయించేవాళ్లు లేనప్పుడు

మాది పేరాక్ రాష్ట్రం, బాగన్ దాతుక్ దగ్గర. శనివారం రామభజనలో నేను హార్మోనియం వాయిస్తాను. డోలక్ మామయ్యది. ఆయన ఉద్యోగానికి సింగపూర్ వెళ్లిపోయాడు. ఇప్పుడు డోలక్ లేదు, కంప్యూటర్ ఉంది.

డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని అడిగితే చాలామంది ఈజీడ్రమ్మర్ అంటారు. శబ్దం బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ కొనాలి. పైగా దాంతో వచ్చేవి రాక్, పాప్ డ్రమ్ సెట్లు. భజనకి అవి పెడితే భజనలా ఉండదు. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితమే, అయితే ఆపిల్ వాళ్ల వాటిలోనే నడుస్తుంది.

నా ఓటు హైడ్రోజన్‌కి. అది ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. అసలు కారణం వేరు: అందులో మన శబ్దాలు మనమే పెట్టుకోవచ్చు. దీపావళికి మామయ్య వచ్చినప్పుడు ఒక్కొక్క దెబ్బ విడిగా కొట్టించి ఫోన్‌లో రికార్డు చేశాను. గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి. (బాగా విసుక్కున్నాడు.) వరస ఎంత పొడుగు ఉండాలో కూడా మన ఇష్టమే. మిశ్రచాపుకి ఏడు పెట్టాను: తకిట మూడు, తకధిమి నాలుగు. మామయ్య నోటితో చెబుతుంటే గళ్లు నింపాను. తకధిమిలో 'ధ'కి ఒత్తు ఉందని నాకు ఆ రోజే తెలిసింది!

ఒక లోపం ఉంది. భజన చివర్లో వేగం పెరుగుతుంది. మామయ్య పాడేవాళ్ల మొహాలు చూసి పెంచేవాడు. దీనికి ముందే రాసిపెట్టాలి. పోయిన శనివారం డోలక్ ఇంకా మోగుతుండగానే అమ్మమ్మ మంగళహారతి మొదలుపెట్టేసింది.