వీడ్కోలు సభలో బిరుదములు

మార్చి మాసమున పబ్లిక్ పరీక్షలు సమీపింపగా, తొమ్మిదవ తరగతివారు పదవ తరగతివారికి వీడ్కోలు సభ జరుపుట మన పాఠశాలలలో వాడుక. గ్రూపు ఫోటో, ఆటోగ్రాఫు పుస్తకములు, ఫలాహారములు. కడపటి పరీక్షనాడు తెల్లచొక్కాలపై సిరా చిలుకరించుకొనుట. (ఆ చొక్కాలుతుకు తల్లుల యభిప్రాయము వేఱు.) ఇవి యన్నియు ముచ్చటలే. ఉపాధ్యాయుల ననుకరించుటయు నాకు సమ్మతమే. నేను కళ్లజోడు నుదుటిపైకి త్రోసికొని, దానికొఱకే బల్లపై వెదకు తీరును ఒక బాలుడు అభినయింపగా, అందఱికంటె బిగ్గరగా నవ్వినవాడను నేనే.

నాకు సమ్మతము కానిది బిరుదప్రదానము. 1995వ సంవత్సరమున నేను పదవ తరగతిలో నుండగా, నత్తిగల యొక మిత్రుని వేదికపైకి పిలిచి, "వాగ్ధాటి చక్రవర్తి" యను బిరుదమిచ్చి, కాగితపు దండ వేసితిమి. ఆ దండ గ్రుచ్చినవారిలో నేనొకడను. అతడును నవ్వెను. మఱునాడు గ్రూపు ఫోటోకు రాలేదు. నాయొద్దనున్న ఆ ఫోటోలో అతడు లేడు.

ఉపాధ్యాయుని పరిహసించినచో అతడు వెంటనే లేచి బదులు చెప్పగలడు. ఆ బాలుడు చెప్పగలడా? బిరుదములు మానుడనను, ఎవరి బిరుదము వారే వ్రాసి తెచ్చుకొనుడు. ఈ యేటి సభకు నాది సిద్ధముగా నున్నది: "కళ్లజోటి కొలంబసు."