తోబుట్టువైనా మేతే!

కేసీ కాలువలో దొరికాయనో, ఎవరో ఇచ్చారనో కొరమీను పిల్లల్ని తెచ్చి ఇంటి సిమెంటు తొట్టిలో వదిలే కుర్రాళ్లు కర్నూలు, కడప వైపు ఉంటారు. పది వదిలితే వారం తిరిగేసరికి ఆరే కనిపిస్తాయి. పిల్లి ఎత్తుకెళ్లిందనుకుంటారు. పాపం, పిల్లికేం తెలీదు!

నోట్లో పట్టేదేదైనా కొరమీనుకు ఆహారమే. తల్లీతండ్రీ కాపలా కాస్తుంటే ఎర్రెర్రగా గుంపుగా తిరిగిన పిల్లలే, కాస్త ఎదిగాక ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒకే ఈడువైనా అన్నీ ఒకేలా పెరగవు మరి. అందుకే చేపల పెంపకందారులు వాటిని తరచూ సైజులవారీగా ఏరి వేరుచేస్తారు. ఇంట్లోనైనా అదే దారి. పది, పదిహేను రోజులకోసారి చూసి, ముందు ఎదిగినవాటిని మరో తొట్టిలోకి మార్చాలి. మేత ఒక్కసారే కుమ్మరించకుండా రోజుకు రెండు మూడుసార్లు వేయాలి. ఆకలి మీదున్నప్పుడే కాట్లు ఎక్కువ. ఎగిరి దూకుతాయి కనుక పైన వల తప్పనిసరి. అలాగని అంచుదాకా నీళ్లు నింపొద్దు. ఇది పైకొచ్చి గాలి పీల్చే చేప, కాస్త ఖాళీ ఉండాలి.

మెక్సికోలో పుట్టిన ఆక్సలాటల్ అనే ఉభయచరం పిల్లలూ ఇంతే, పక్కదాని కాళ్లు కొరికేస్తాయి. కాకపోతే వాటికి కాళ్లు మళ్లీ మొలుస్తాయి. చల్లటి నీళ్లుంటే తప్ప కుదురుగా ఉండని ఆ ప్రాణిని కర్నూలు ఎండలకు తెచ్చే సరదా మాత్రం వద్దు.